నేన్ జెప్పిన గదా!

టోటులో పందెం కాసేవాడు తన గుర్రం నంబరు పక్కవాడి చెవిన వేయకూడదు. ఇది నీతి కాదు, లెక్క. బుకీ దగ్గరైతే ఒప్పుకున్న భావ్ ఒప్పుకున్నట్టే దక్కుతుంది. టోటు అలా కాదు. జనం వేసిన డబ్బంతా ఒక కుప్ప. అందులోంచి క్లబ్బు తన కమీషనూ సర్కారు తన పన్నూ తీసుకున్నాక మిగిలింది గెలిచిన టికెట్లకి పంచుతారు. వందమంది తలా పది రూపాయలు వేస్తే వెయ్యి. కోతల కింద రెండు వందలు పోయాయనుకుందాం. గెలిచిన గుర్రం మీద ఎనిమిది టికెట్లే ఉంటే టికెట్టుకి వంద రూపాయలు. అదే ఎనభై టికెట్లుంటే పదే, అంటే వేసిన పదే తిరిగొచ్చింది. 1867లో పారిస్‌లో జోసెఫ్ ఒలేర్ ఈ పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచి ప్రపంచమంతా ఇదే సూత్రం. గుర్రం మంచిదైతే చాలదు, ఆ సంగతి పదిమందికీ తెలియకుండా ఉండాలి.

బొంబాయి కామాటిపురాలో మాత్రం ఆ సంగతి పదిమందికీ తెలిసేదాకా పందెం కాసినవాడికి అన్నం సయించదు. "ఎవ్వనికి జెప్పకు రా అల్లుడా, ఏడో నంబరు పక్కా" అని మామ మెట్ల కింద గుసగుసలాడతాడు. నేను పైకెక్కి గ్యాలరీలోకి వచ్చేసరికి, నల్లా కాడ బిందె పట్టుకున్న వదిన నన్నే అడుగుతుంది, "ఏడో నంబరంట గదా?" అని. మామ అప్పటికి ఎంతమందికి "ఎవ్వనికి జెప్పకు" అన్నాడో ఆ మహాలక్ష్మి తల్లికే తెలియాలి. తన లాభాన్ని తనే ఇలా చిల్లరగా పంచేసుకునే మనిషిని అమాయకుడనడానికి లేదు. ఖోలీ అద్దె దగ్గర అర్ధరూపాయి వదిలే రకం కాదు ఆయన. ఆయనకి కావలసింది డివిడెండు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆదివారం రాత్రి చాల్ మధ్యలో నిలబడి "నేన్ జెప్పిన గదా!" అనే హక్కు ఆయనకి కావాలి. ముందే చెప్పకపోతే ఆ హక్కు రాదు. వేసిన పదే తిరిగొచ్చినా సరే, సాక్షులు ఉండాలి.

గుర్రాలూ కామాటీలూ ఈ ఊళ్ళో పాత ఇరుగుపొరుగు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు నీళ్ళు లోపలికి రావడం ఆగాక, ఇక్కడి బురదనేలలు ఆరడం మొదలైంది. నిజాం రాజ్యం నుంచి మట్టిపనికీ రాతిపనికీ వచ్చిన తెలుగువాళ్ళు ఆ నేలల మీద గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ వల్లే పేటకి ఆ పేరు. 1802లో బొంబాయి టర్ఫ్ క్లబ్బు పుట్టింది, పందేలు పక్కనే బైకల్లా మైదానంలో జరిగేవి. 1883లో రేసులు మహాలక్ష్మికి మారాయి. మారితే మాత్రం ఎంత దూరం? ముంబై సెంట్రల్‌లో రైలెక్కితే తర్వాతి స్టేషనే. కామాటిపురా అనగానే బయటివాళ్ళకి ఒకే ఒక్క సంగతి గుర్తొస్తుంది. దాని గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఇక్కడ నా పని గుర్రాలతో.

నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగే సీజనులో గురువారం, ఆదివారం అంటూ వెళ్ళేవాళ్ళు వేరు. వాళ్ళది ఉద్యోగం లాంటిది, ముఖాల్లో ఆ అలసట కూడా ఉంటుంది. అసలు సందడి ఫిబ్రవరి మొదట్లో వచ్చే డెర్బీ ఆదివారం నాడు. ఏడాదంతా గుర్రం మొహం చూడనివాళ్ళు ఆ రోజు జోస్యులవుతారు. ఇండియన్ డెర్బీని మొదటిసారి 1943లో పరిగెత్తించారు. బరోడా మహారాజు గారి ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనే ఆడగుర్రం గెలిచింది. నాలుగేళ్ళ గుర్రాలు, 2400 మీటర్లు, రెండున్నర నిమిషాల పరుగు. మామూలు హ్యాండీక్యాప్ రేసుల్లో మంచి గుర్రం వీపున ఎక్కువ బరువు పెట్టి అందర్నీ ఒక దగ్గరికి తెస్తారు. డెర్బీలో ఆ సర్దుబాటు లేదు. ఆడగుర్రాలకి కాస్త తగ్గింపు తప్ప అందరికీ ఒకే బరువు. కాబట్టి గొప్పది గొప్పగానే గెలవాలి, కనిపెట్టడం సులువవ్వాలి. అయినా చాల్లో పదిమందీ పది గుర్రాలు చెబుతారు.

మామ దగ్గర రేసు పుస్తకం ఉంటుంది. వారం ముందే మార్జిన్లలో పెన్సిలు గీతలు పడతాయి. కిందటి అయిదు పరుగులు, తెల్లవారుజామున ట్రాక్ మీద తీసిన టైములు, గేటు నంబరు, తండ్రి గుర్రం ఎవరు, తల్లి గుర్రం ఎవరు. మనింట్లో సంబంధాలకి కూడా ఇంత వంశం విచారించలేదు. జాకీ సంగతి వేరే లెక్క. పెసీ ష్రాఫ్ గుర్రమెక్కిన రోజుల్లో "పెసీ దేని మీదున్నడు?" అన్న ఒక్క ప్రశ్నతో సగంమంది పుస్తకం మూసేసేవాళ్ళట. అవతల బీడీలు చుట్టే పెద్దమ్మకి పుస్తకం అక్కర్లేదు. పేర్లు చదివి వినిపించమంటుంది. ఇంగ్లీషు పేరుకి అర్థం అడుగుతుంది. నచ్చితే పది రూపాయలిస్తుంది, నచ్చకపోతే "గదేం పేరు, పిల్లకి పెట్టే పేరేనా?" అని తీసిపారేస్తుంది. ఖోలీ నంబరు మీద కాసేవాడు ఒకడు, జాకీ చొక్కా రంగు బతుకమ్మ నాటి చీర రంగులో ఉందని కాసే ఆడపడుచు ఒకతె. మైదానం దాకా రానివాళ్ళ కోసం చిట్టీలు. గుర్రాల పేర్లు రాసి, మడిచి, స్టీలు డబ్బాలో వేసి, తలా ఒకటి తీయడం. నవంబరు మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్పు నాడు ఆస్ట్రేలియా ఆఫీసుల్లో సరిగ్గా ఇదే ఆట ఆడతారు. చిట్టీలో చెత్త గుర్రం వచ్చినా బాధ లేదు, దాన్ని ఎంచుకున్నది నువ్వు కాదు గనక. అందుకే చిట్టీ గెలిచినవాణ్ణి ఎవరూ లెక్కచేయరు. పైసలు తీసుకుని పక్కకి జరగమంటారు.

అంకెల పందెం మట్కాకి రేసుకున్న గౌరవం దక్కకపోవడానికి కారణం కూడా అదే అనుకుంటాను. బొంబాయి మిల్లుల రోజుల్లో మట్కా ఆడని గల్లీ లేదు. మొదట న్యూయార్క్ నుంచి వచ్చే పత్తి ధరల అంకెల మీద పందేలు కాసేవాళ్ళు. పగలంతా మగ్గం మీద అదే పత్తి నేసి, రాత్రికి దాని ధర మీద కూలీ డబ్బులు పెట్టిన మన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళలో తక్కువేం కాదు. అరవైల మొదట్లో ఆ అంకెలు ఆగిపోయాక కల్యాణ్‌జీ భగత్, రతన్ ఖత్రీల మట్కాలు వచ్చాయి. అంకె కలలో కనబడాలి, పాము కనబడితే ఒకటి, పెళ్ళి కనబడితే ఇంకొకటి. తగిలితే అదృష్టం, అంతే. "ఎందుకు జెప్పినవ్?" అంటే జవాబుండదు. రేసులో జవాబుంటుంది. అసలు రేసులో ఉన్న సుఖమే ఆ జవాబు.

1996లో సుప్రీంకోర్టు కూడా మామ పక్షానే నిలిచింది. తమిళనాడు ప్రభుత్వం గుర్రప్పందేలని నిషేధించిన కేసులో, గుర్రం పుట్టుక, ఫారం, బరువు, జాకీ, ఇవన్నీ చూసి ఎంచుకోవడం ప్రధానంగా నేర్పే గానీ జూదం కాదని తీర్పిచ్చింది. అంతకు ముందు 1968లో సికింద్రాబాద్ క్లబ్బొకదానిలో ఆడిన రమ్మీకి కూడా అదే కోర్టు అదే మర్యాద చేసింది. ఈ రెండు తీర్పులూ కలిపి చూస్తే తెలుగువాడి ఆదివారానికి చట్టం అడ్డు లేనట్టే. అత్త మాత్రం తీర్పు కాపీ చూపించమని ఇప్పటిదాకా అడగలేదు, అడిగినా ఒప్పుకోదు.

ఒక ఏడు కామారెడ్డి నుంచి చుట్టం ఒకాయన డెర్బీకి వచ్చాడు. రేసు చూడటం అదే మొదలు. సంతల్లో ఎడ్లు కొని అమ్మినవాడు. మామ తెరిచి చూపించిన పుస్తకాన్ని మర్యాదగా చూసి పక్కన పెట్టాడు. ప్యాడాక్‌లో గుర్రాల్ని నడిపిస్తుంటే కంచె పట్టుకుని నిలబడి, మొహాల వైపు చూడకుండా కాళ్ళ వైపే చూశాడు. ఒకదానికి మెడ కింద నురగలా చెమట, "ఇది ఇప్పుడే ఉరికి అయిపోయింది" అన్నాడు. అది ఫేవరెట్. ఇంకొకటి తల దించి, వెనక గిట్ట ముందు గిట్ట అచ్చు దాటి పడేలా సాగదీసి నడుస్తోంది. "ఇది పనికొస్తది." మామ నవ్వాడు. ఎద్దులు వేరు, గుర్రాలు వేరన్నాడు.

అప్పుడు నాకు నలుడి కథ తట్టింది. నలుడికి గుర్రం మనసు తెలుసు, పాచిక మనసు తెలియదు, రాజ్యం పోగొట్టుకున్నాడు. ఋతుపర్ణుడికి రథం తోలడం రాదు గానీ, దారిలో తాండ్రచెట్టుని చూసి ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేశాడు. ఇద్దరూ విద్యలు మార్చుకున్నాకే నలుడి కష్టం తీరింది. మా వాళ్ళిద్దరూ మార్చుకోలేదు. మామ ఫేవరెట్ మీద కాశాడు, అది అయిదోది. చుట్టం గుర్రం రెండోదిగా వచ్చింది. ఆయన కాసింది విన్ టికెట్టు కాబట్టి పైసా రాలేదు. అయితేనేం, ఆయన ఊరికి పోయి బొంబాయి డెర్బీలో గుర్రాన్ని పట్టింది తానేనని చెప్పుకున్నాడు. ఆ కథలో ముందు వచ్చిన గుర్రం ఊసే లేదని విన్నాను.

మామ ఓడిన ప్రతిసారీ కారణం ఒక్కటే: "జాకీ గుంజిండు." కళ్ళెం బిగబట్టి కావాలనే వెనకేశాడని. ఈ అనుమానానికి మన దగ్గర పాత ఆధారమే ఉంది. కద్రువ, వినత ఉచ్చైశ్రవం తోక రంగు మీద పందెం వేసుకుంటే, కద్రువ పాము కొడుకుల్ని పంపి తోకకి చుట్టుకోమంది. మన కథల్లో గుర్రం మీద పందెమూ, అందులో మోసమూ ఒకే పూట పుట్టాయి. అయినా ఫేవరెట్ ఓడటానికి ప్రతిసారీ పాములు అక్కర్లేదు. ఎక్కడ లెక్క తీసినా అది గెలిచేది సుమారుగా మూడింట ఒక్కసారి. మిగతా రెండుసార్లూ ఓడటమే దాని సహజగుణం.

గ్రిఫిత్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త 1949లో రేసు ఫలితాలు తిరగేసి ఒక విచిత్రం చూపించాడు. జనం గెలిచే ఆశ తక్కువున్న గుర్రాల మీద వాటి తాహతుకి మించి కాస్తారు, ఫేవరెట్ల మీద కాయవలసినంత కాయరు. దీనికి పండితులు చాలా కారణాలు చెప్పారు. నాకైతే మా గ్యాలరీలోనే జవాబు దొరికింది. ఫేవరెట్ గెలిస్తే "నేన్ జెప్పిన గదా" అనడానికి ఏముంది? అందరూ చెప్పారు. పన్నెండో గుర్రం గెలవాలి, దాన్ని నువ్వొక్కడివే చెప్పి ఉండాలి, అప్పుడు చూడు ఏడాది పొడుగునా నీ నడక.

స్నేహితులు కలిసి జాక్‌పాట్ ఆడినప్పుడు ఈ జబ్బు ముదురుతుంది. అయిదు రేసుల్లో అయిదు గెలుపులూ పట్టాలి. అందుకే కాంట్రీ, అంటే తలా కొంత, వేసుకుంటారు. రెండు రేసుల్లో ఒక్కో గుర్రం, మూడింట్లో రెండేసి పెట్టుకుంటే ఎనిమిది టికెట్లు, టికెట్టు పది రూపాయలైతే ఎనభై. తేలికే. అప్పుడొకడు "మొదటి రేసులో నాదొకటి వెయ్" అంటాడు. వాడిది వేశాక రెండోవాడిది కాదనలేం. నలుగురి మొహమాటానికి నాలుగు గుర్రాలు చేరాయి, మొదటి రెండు రేసుల్లోనూ ఒకటి కాస్తా మూడైంది. కూడిక అయితే పెద్ద తేడా ఉండేది కాదు. ఇది గుణకారం. ఎనభై ఏడు వందల ఇరవైకి ఎక్కింది. దాని మీద, 2023 అక్టోబరు నుంచి పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ, 2025లో దాన్ని 40 చేశారు. మలక్‌పేటలో కూర్చుని మహాలక్ష్మి రేసుల మీద కాసే మా హైదరాబాద్ బావ "మా కాడా గంతే" అని ఫోన్లో ఓదారుస్తాడు.

మొన్నటి జాక్‌పాట్ నాలుగు రేసుల దాకా నిలిచి అయిదో దాంట్లో పోయింది. గెలిచిన గుర్రాన్ని మొదట ఒకడు చెప్పాడు, ఇంకొకడు తీసేయించాడు. ఎవరు చెప్పారు, ఎవరు తీయించారన్న వాదన మహాలక్ష్మి ప్లాట్‌ఫారం మీద మొదలైంది. ముంబై సెంట్రల్ మరీ దగ్గర కావడంతో రైల్లో తేలలేదు, గల్లీ మొగలో చాయ్ దుకాణం దాకా వచ్చింది. ఆ గుర్రాన్ని తానే చెప్పానని ఇప్పుడు ముగ్గురంటున్నారు. వాళ్ళలో అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు తన వంతు కాంట్రీ ఇంకా ఇవ్వలేదు.