ఆ మంట ఎవరి ఇంటి కిందది?

ఆ ఇంటి గోడ మీద పెన్సిలుతో గీసిన చిన్న చిన్న గీతలున్నాయి. ప్రతి గీత పక్కనా ఓ తేదీ. మనవలు ఎంత ఎత్తు పెరిగారో కొలుచుకుంటున్నారు కాబోలు అనుకున్నారు మాస్టారు. నవ్వుకుంటూ దగ్గరికెళ్లి చూస్తే... పెరిగింది పిల్లలు కాదు, గోడలోని పగులు!

కోనసీమలో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన ఆయన, 2024 వేసవిలో భార్యతో కలిసి కూతురి దగ్గరికి వెళ్లారు. అమ్మాయి ఉండేది నెదర్లాండ్స్‌కి ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్ నగరంలో. ఓ ఆదివారం తనతో పనిచేసే స్నేహితురాలి తల్లిని చూసొద్దామంటూ పక్క పల్లెకు తీసుకెళ్లింది. పచ్చటి పొలాలు, కాలవలు, గట్ల మీద ఆవులు... 'అచ్చం మన కోనసీమే, కొబ్బరిచెట్లు లేవంతే' అంది వాళ్లమ్మ.

ఆ ఇంటి పెద్దావిడకు డెబ్భై ఏళ్లు దాటాయి. కాఫీ ఇస్తూ గోడ సంగతి చెప్పింది. భూమి కంపించినప్పుడల్లా పగులు చివర ఓ గీత పెట్టి తేదీ వేస్తుందట. మళ్లీ కంపించాక పగులు ఆ గీత దాటితే, ఇంకో గీత.

'ఈ దేశంలో భూకంపాలేమిటి తల్లీ?' అని కూతుర్ని అడిగారు మాస్టారు.

'భూమి తనంతట తాను కదల్లేదు నాన్నా. కిందున్న గ్యాసు తోడేశారు, అందుకు' అంది అమ్మాయి.

మాస్టారు చేతిలోని కప్పు పక్కన పెట్టేశారు.

పొలం కింద నిధి

1959లో ఆ పక్కనే స్లోఖ్తరెన్ అనే ఊళ్లో పొలంలో బావి తవ్వితే సహజవాయువు పడింది. తీరా లెక్క తేలాక చూస్తే అది యూరప్‌లోకెల్లా పెద్ద గ్యాసు క్షేత్రం. దాదాపు 2.8 లక్షల కోట్ల ఘనపు మీటర్లు! షెల్, ఎక్సాన్ కంపెనీల ఉమ్మడి సంస్థ 'నామ్' 1963లో ఉత్పత్తి మొదలెట్టింది. కొన్నేళ్లలోనే దేశంలో దాదాపు ప్రతి ఇంటికీ గ్యాసు గొట్టం చేరింది. వంటకూ అదే, చలికాలం గదులు వెచ్చబడటానికీ అదే. దశాబ్దాల పాటు ప్రభుత్వ ఖజానాకు దీనివల్ల వచ్చిన ఆదాయం 36 వేల కోట్ల యూరోల పైమాటే.

మరి భూమి ఎందుకు కదిలింది? గ్యాసు ఉన్నది మూడు కిలోమీటర్ల లోతున, స్పాంజిలా రంధ్రాలున్న ఇసుకరాతి పొరలో. ఆ పొర పైనున్న బరువును మోయడంలో గ్యాసు పీడనం కూడా ఓ చెయ్యి వేస్తుంది. గ్యాసు తోడేసేకొద్దీ ఆ చెయ్యి పక్కకు తప్పుకుంటుంది. రాయి నలుగుతుంది. పాత పగుళ్లున్న చోట ఒక్కసారిగా జారుతుంది. మూడు కిలోమీటర్లంటే భూకంపాల లెక్కలో బాగా పైపైన ఉన్నట్టే. దానికితోడు పైనంతా మెత్తటి బంకమట్టి. అందుకే రిక్టర్ స్కేలు మీద చిన్నవిగా కనిపించే ప్రకంపనలకే అక్కడి ఇటుక గోడలు బీటలు వారాయి.

నవ్విపోయారు ముందు!

1986 డిసెంబరు 26న అస్సెన్ అనే ఊళ్లో భూమి కంపించింది. ఇది గ్యాసు తవ్వకం వల్లేనన్నాడు మేంట్ వాన్ డెర్ స్లౌస్ అనే భూగోళ శాస్త్రవేత్త. అందరూ నవ్వారు. కంపెనీ కొట్టిపారేసింది. ఆయన మాట నిజమేనని అధికారికంగా ఒప్పుకోవడానికి 1993 దాకా పట్టింది. ఒప్పుకున్నారే గానీ, తోడటం ఆపలేదు. ప్రకంపనలు చిన్నవేగా, పగుళ్లకు పరిహారం ఇస్తాంగా అన్నారు. ఆ పరిహారం కోసం, 'ఈ పగులు గ్యాసు వల్ల వచ్చిందే' అని కాగితాలు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లెందరో.

2009లో ఊళ్లవాళ్లంతా కలిసి ఓ సంఘం పెట్టుకున్నారు. పేరు 'గ్రోనింగెర్ బోదెమ్ బెవేగింగ్'. బోదెమ్ అంటే నేల. బెవేగింగ్ అంటే వాళ్ల భాషలో కదలిక అనీ అర్థమే, ఉద్యమం అనీ అర్థమే. నేల కదిలితే జనం కదిలారన్నమాట.

2012 ఆగస్టు 16 రాత్రి హౌజింగె అనే చిన్న ఊరి కింద 3.6 తీవ్రతతో భూమి ఊగింది. అప్పటిదాకా వచ్చినవాటిలో అదే పెద్దది. వీలైనంత త్వరగా ఉత్పత్తి తగ్గించండని గనుల పర్యవేక్షణ శాఖ 2013 జనవరిలో ప్రభుత్వానికి చెప్పింది. తగ్గించారా? లేదు సరికదా, ఆ ఏడాదే దాదాపు 5,400 కోట్ల ఘనపు మీటర్లు తోడారు. అంతకుముందు చాలా ఏళ్లలో అంత తోడిందే లేదు. జనానికి కడుపు మండింది అక్కడే.

కోర్టుకెళ్లారు. 2017 నవంబరులో ప్రభుత్వ ఉత్పత్తి నిర్ణయాన్ని అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కొట్టేసింది. 2018 జనవరి 8న జేరైప్‌లో 3.4 తీవ్రతతో మళ్లీ ప్రకంపన. పదకొండు రోజుల తర్వాత, వణికించే చలిలో, సుమారు పదివేల మంది కాగడాలు పట్టుకుని గ్రోనింగెన్ వీధుల్లో నడిచారు. ఆ పెద్దావిడా నడిచింది. 'నా పెళ్లికి కూడా అంతమందిని చూడలేదు' అంటూ నవ్వింది. ఆ మార్చి నెలలోనే ప్రభుత్వం దిగొచ్చింది. 2030 కల్లా క్షేత్రాన్ని మూసేస్తామంది. కొత్తగా కట్టే ఇళ్లకు గ్యాసు గొట్టం ఇవ్వక్కర్లేదని అదే ఏడాది జులై నుంచి చట్టం తెచ్చింది. మూసివేత గడువూ ముందుకు జరిగింది.

2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధర ఆకాశాన్నంటింది. 'మళ్లీ తోడండి' అన్న ఒత్తిడి నలువైపుల నుంచీ వచ్చింది. అయినా ప్రభుత్వం ఉత్పత్తి పెంచలేదు. 2023 ఫిబ్రవరిలో పార్లమెంటు విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. గ్రోనింగెన్ ప్రజల క్షేమం కన్నా డబ్బుకే పెద్దపీట వేశారనీ, దేశం వాళ్లకు రుణపడి ఉందనీ తేల్చింది. ఆ ఏడాది అక్టోబరు 1న ఉత్పత్తి ఆగింది. 2024 ఏప్రిల్‌లో చట్టం ద్వారా శాశ్వతంగా మూసేశారు. కింద ఇంకా బోలెడు గ్యాసు ఉండగానే!

మాస్టారి లెక్క

తిరిగొచ్చేటప్పుడు కారులో మాస్టారు మాట్లాడలేదు. ఆయన కళ్ల ముందు వేరే మంటలున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి, రెండు నెలలకు పైగా ఆరకుండా మండింది. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది. ఇళ్లు వదిలి వచ్చిన చుట్టాలు ఆయన ఇంటి వరండాలో పడుకున్నారు. తర్వాత 2014 జూన్ 27. తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా నిద్రమంచాల మీదా, వీధుల్లోనూ కాలిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఆ గొట్టం వెళ్లేది విజయవాడ దగ్గర కరెంటు తయారుచేసే కేంద్రానికి.

'గ్యాసు మా కిందా, వెలుగు ఎక్కడో' అన్నారు చివరికి.

అలాగని ఆయన అమాయకుడేం కాదు. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లు చాలామంది ఆ బావుల మీదే బతుకుతున్నారు. రేపటికి రేపు మూసేయమంటే వాళ్ల పిల్లల గతేంటి? బొగ్గుతో పోలిస్తే గ్యాసు మండినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు సగమేనని ఆయనే క్లాసులో చెప్పేవారు.

'నిజమే నాన్నా. కానీ మండకుండా లీకైతే? అందులో ఉండేది మీథేన్. ఇరవయ్యేళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎనభై రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది' అంది అమ్మాయి.

కాసేపాగి మాస్టారు అసలు ప్రశ్న వేశారు. 'సరే, ఇక్కడ మూసేశారు. మరి పాత ఇళ్లల్లో ఇంకా గ్యాసు పొయ్యిలు వెలుగుతున్నాయిగా. ఆ మంట ఇప్పుడు ఎవరి ఇంటి కిందది?'

అమ్మాయి కారు కాస్త నెమ్మది చేసింది. 'ఈ జిల్లా తీరంలోనే ఈమ్స్‌హావెన్ అని ఓ రేవుంది. 2022 నుంచి అక్కడికి ఓడల్లో ద్రవరూపంలో గ్యాసు వస్తోంది. చాలామటుకు అమెరికాది. అక్కడా బావుల పక్కన ఊళ్లున్నాయి. వాళ్లూ వద్దని పోరాడుతున్నారు.'

'అంటే బావి మూస్తే చాలదు, పొయ్యి కూడా మారాలన్నమాట.'

'పొయ్యి మారితే చాలదు, కరెంటూ మారాలి. బొగ్గుతో చేసిన కరెంటు వాడి ఇక్కడ పొగ లేదంటే ఎలా? అందుకే గాలిమరలూ, సోలారూ, ఇళ్లు వెచ్చబెట్టడానికి హీట్ పంపులూ... ఏసీని తిరగేసి నడిపినట్టు, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగుతాయి.'

ఆ రాత్రి అమ్మాయి కొత్త ఫ్లాటులో ఇండక్షన్ పొయ్యి మీద వాళ్లమ్మ పుల్కాలు చేసింది. ఈ పొయ్యి మీద పొంగి చావట్లేదని విసుక్కుంటూనే. మాస్టారు నవ్వి, 'ఇంటి దగ్గర మన సిలిండరులో ఉండేది వేరే గ్యాసులే, అది ప్రొపేన్, బ్యూటేన్... కానీ అదీ ఎవరో ఒకరి నేల కింది నుంచి వచ్చిందేగా' అన్నారు. ఆవిడ పుల్కా తిప్పడం ఆపి, ఆయన వంక ఓసారి చూసింది.

ఊరికి బయల్దేరే ముందు, ఆ పెద్దావిడకు వీడ్కోలు చెప్పడానికి మళ్లీ వెళ్లారు. 'బావులు మూసేశారు కదా, ఇక ఆ గీతలు చెరిపేయొచ్చుగా?' అని కూతురి చేత అడిగించారు మాస్టారు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. లోపల పీడనం సర్దుకునేదాకా ఇంకా కొన్నేళ్లు ప్రకంపనలు వస్తూనే ఉంటాయట. కిటికీ మీద పెట్టిన పెన్సిలు తీసి చూపించింది. చెక్కి, సిద్ధంగా ఉంది.