స్ట్రోక్ అంటే గుండెకా, మెదడుకా?

మన దగ్గర ‘స్ట్రోక్ వచ్చింది’ అంటే చాలామందికి గుండెపోటు అనే అర్థం. ఆస్పత్రిలో ఆ మాటకు అర్థం మెదడుకు రక్తం అందకపోవడం, లేదా మెదడులో నాళం చిట్లడం. మనం పక్షవాతం అంటామే, అది. రియాద్‌కు పనికెళ్లిన మనిషికి అది వస్తే, ఐసీయూ బయట నిలబడ్డ రూమ్మేట్ డాక్టర్ నోట విన్న ఆ ఒక్క మాటను జహీరాబాద్ పక్క పల్లెలో ఉన్న రోగి భార్యకు ఫోన్లో చేరవేస్తాడు. ‘స్టెంట్ వేస్తే లేచి కూసుంటడు’ అని ఇంట్లో ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. నాలుగు రోజులకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయనీ మాట రావడం లేదనీ తెలిసేసరికి, అక్కడి డాక్టర్లే ఏదో చెడగొట్టారన్న అనుమానం మొదలవుతుంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

జహీరాబాద్ వాళ్లకు భాషతో ఇబ్బందేమిటని అడగవచ్చు. బీదర్ సరిహద్దు ఊరు. బజారులో తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడ, మరాఠీ అన్నీ వినిపిస్తాయి. గల్ఫ్ ఆస్పత్రుల్లో మలయాళీ నర్సులు ఎందరో, హిందీతో పని గడుస్తుంది. నిజమే, నీళ్లు అడగడానికీ నొప్పి ఎక్కడుందో చూపడానికీ అది చాలు. కానీ ‘వేడి చేసింది’ అంటే జ్వరం కాదు. మూత్రంలో మంట కావచ్చు, నోటిపూత కావచ్చు. ‘గ్యాస్ పట్టేసింది’ అన్న మనిషికి ఉన్నది గుండెనొప్పి కావచ్చు. ‘సోయి లేదు’ అన్న మాటలో మగత, స్పృహ తప్పడం, కోమా మూడూ ఇమిడిపోతాయి. డాక్టర్‌కు అవి మూడు వేర్వేరు స్థితులు. పైగా పేషెంట్‌కు ఉర్దూ వచ్చినా, నిర్ణయం చెప్పాల్సిన తల్లికీ భార్యకూ రాకపోవచ్చు. అతను మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడే కదా వాళ్లను అడిగేది!

మాట తప్పితే ఏమవుతుందో 1980లో ఫ్లోరిడాలో తెలిసింది. విల్లీ రమిరెజ్ అనే 18 ఏళ్ల కుర్రాడిని స్పృహ లేకుండా ఆస్పత్రికి తెచ్చారు. ఇంటివాళ్లు స్పానిష్‌లో ‘ఇంటాక్సికాడో’ అన్నారు. వాళ్ల క్యూబా వాడుకలో తిన్నదో తాగిందో పడక జబ్బు చేసిందని దాని భావం. డాక్టర్లు మత్తుమందు ఎక్కువైందనుకున్నారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. వైద్యం ఆలస్యమై అతనికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. పరిహారం సుమారు 7.1 కోట్ల డాలర్లకు తేలింది. అర్థమైందనే ఇరువైపులా నమ్మారు కాబట్టి దుబాసిని ఎవరూ పిలవలేదు. 2003లో గ్లెన్ ఫ్లోరెస్ బృందం పిల్లల వైద్యంలో 13 సంభాషణలను పరిశీలించి, ఒక్కోదానిలో సగటున 31 అనువాద దోషాలు లెక్కపెట్టింది. వైద్యానికి చేటు చేయగల దోషాల వాటా ఆస్పత్రి దుబాసీలకు 53 శాతం, అప్పటికప్పుడు దొరికినవాళ్లకు 77 శాతం. ఆస్పత్రి దుబాసీలూ తప్పులు చేశారు. అలాంటప్పుడు డ్యూటీ దిగి అలసి వచ్చిన రూమ్మేట్ మీద ఇంత బరువు పెట్టడం ఏం న్యాయం?

ఫోన్లో యాప్ ఉంది కదా అంటారు. రిపోర్టులో ఏముందో చూచాయగా తెలుసుకోవడానికి పనికొస్తుంది. ‘నీకేం అర్థమైందో ఒకసారి నువ్వే చెప్పమ్మా’ అని ఆగి అడిగేది మాత్రం మనిషే. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: ఉన్నదున్నట్టు చెబితే ముసలి తల్లి తట్టుకుంటుందా? అందుకే దోస్తులు ‘పర్వాలేదు, కోలుకుంటున్నడు’ అంటారు. ఆ దయను నేను తప్పుపట్టను. ఎవరికి ముందు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. కానీ ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా, వెంటిలేటర్ మీద ఉన్నవాడిని ఇండియాకు తీసుకురావాలా అన్నది వాళ్లే తేల్చాల్సినప్పుడు, ఇంట్లో ఒక్కరికైనా పూర్తి నిజం తెలియాలి. తెలియకుండా అన్న ‘సరే’ను అంగీకారం అనలేం.

ఆ నిజం చేరవేయడానికి దుబాసి కావాలి. అది కొత్త కొలువేమీ కాదు. 1830లో కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య చేసిన ఉద్యోగం మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసిగానే. కోర్టుకు అప్పుడే అవసరమైన మనిషి ఐసీయూకు ఇప్పుడు అక్కర్లేదా? ఆస్ట్రేలియాలో 1973 నుంచి ఫోన్లో దుబాసీ సేవ ఉంది. మన దేశంలోనే 2022లో మొదలైన టెలీ మానస్‌కు, అంటే 14416కు, ఫోన్ చేస్తే మనసు బాధకు తెలుగులో సలహా దొరుకుతుంది. అదే పద్ధతిలో, వైద్యమూ తెలుగూ తెలిసిన నర్సులకూ డాక్టర్లకూ శిక్షణ ఇచ్చి, విదేశీ ఆస్పత్రికీ ఇంటికీ మధ్య మూడో గొంతుగా కూర్చోబెట్టవచ్చు. విదేశాల్లో చిక్కుకున్నవారి ఫిర్యాదులకు 2015 నుంచి కేంద్రం మదద్ పోర్టల్ నడుపుతోంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. ఆ శ్రద్ధలో కొంత మనిషి బతికుండగానే ఆ కుటుంబానికి అందాలి.

అంతవరకూ ఇంటివాళ్లు ఒక పని చేయండి. పాస్‌పోర్టులో ఉన్న పేరు, ఆస్పత్రి పేరు, ఫైలు నంబరు, చూస్తున్న డాక్టర్ పేరు ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టర్ రౌండ్‌కు వచ్చే వేళ అడగండి. రియాద్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు పదకొండున్నర. ఆ వేళకు తెలిసిన డాక్టర్‌నో నర్సునో కాన్ఫరెన్స్ కాల్‌లోకి తీసుకోండి. ప్రాణం మీదికొచ్చిన ఆపరేషన్‌ను దీనికోసం ఆపొద్దు. ఆగగలిగిన దేనికైనా అర్థం కాకుండా సరే అనొద్దు. జహీరాబాద్‌లోని తోటి డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే: ఎవరైనా వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టు పట్టుకుని ఓపీ వరుసలో నిలబడితే, పది నిమిషాలు కేటాయించి వాళ్ల తరఫున ఆ ఫోన్ మాట్లాడండి.