చుక్కల కింద మేమిద్దరం

అమెరికాలో అబ్బాయి దగ్గరికెళ్లినప్పుడు, ఓరోజు నేనూ మా ఆవిడా న్యూయార్క్ 53వ వీధిలోని ఆధునిక కళా మ్యూజియానికి వెళ్లాం. 'పిచ్చిగీతలకింత టిక్కెట్టా?' అని దారంతా గొణిగాను. అక్కడ 'స్టారీ నైట్' ముందు ఆమె ఆగిపోయింది. 1889లో ఫ్రాన్సులో మానసిక చికిత్సాలయంలో ఉండగా, కిటికీలోంచి చూసిన ఆకాశాన్ని పగటిపూట గుర్తుచేసుకుని వాన్ గో వేసిన బొమ్మ అది. మూడున్నర అడుగుల వెడల్పు కూడా లేదు. ఆమె కదల్లేదు.

'మన జలదంకిలో కరెంటు పోయిన రాత్రి మిద్దెమీద పడుకుంటే చుక్కలు ఇట్టానే కనపడేవి గదా!' అంది. తర్వాత మెల్లగా, 'పెళ్లికి ముందు నేనూ బొమ్మలేసేదాన్ని' అంది. ముప్ఫై అయిదేళ్లలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

తిరుగు దారిలో రంగు పెన్సిళ్ల డబ్బా కొన్నాను.

'ఇప్పుడెందుకండీ, దండగ!'

'టిక్కెట్టుకన్నా తక్కువేలే' అన్నాను.