ఎమ్మెస్సీలో సైకియాట్రిక్ నర్సింగే ఎందుకంటే



మొన్న హాస్టల్ చెల్లెళ్లు ఇద్దరు ఫోన్ చేసి, "అక్కా, బీఎస్సీ నర్సింగ్ అయిపోయి ఉద్యోగం కూడా చేస్తున్నవు గదా, మళ్లీ ఎమ్మెస్సీ ఎందుకు? అదీ పిచ్చాసుపత్రి సబ్జెక్టా?" అని అడిగారు. ఇంట్లో నాన్నదీ అదే మాట. నా జీతంలోంచే తమ్ముడి ఫీజు కడుతున్నాం. సీటొస్తే రెండేళ్లు ఆ జీతం ఉండదు. అందుకే నా లెక్కేందో ఇక్కడ అందరికీ కలిపి రాస్తున్నా.

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ఐదు విభాగాలుంటాయి: మెడికల్ సర్జికల్, పిల్లలు, ప్రసూతి, కమ్యూనిటీ, సైకియాట్రిక్. నేను చివరిది ఎంచుకోవడానికి కారణం భాష.

నేను పనిచేసే వార్డుకి మా ఏజెన్సీ నుంచి ఒక పెద్దమ్మను తీసుకొచ్చారు. కేస్ షీట్‌లో "మాట్లాడదు, సహకరించదు" అని ఉంది. కోయలో "తిన్నవా పెద్దమ్మా" అని అడిగిన. అరగంట మాట్లాడింది. కొడుకు పోయిన కాడ్నుంచి నిద్రే లేదంట. ఆమెకు మాటలు లేక కాదు, వినేటోళ్లు లేక.

ఇప్పుడు డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు చదువుతుంటే ఆమే గుర్తొస్తది. మానసిక స్థితి పరీక్షలో ఒక సామెత చెప్పి అర్థం అడుగుతాం. తెలుగు సామెత కోయ ముసలామెకు తెలియకపోతే "ఆలోచన దెబ్బతింది" అని రాసేస్తామా? వందలోంచి ఏడేడు తీసేయమంటాం. బడి మొహం చూడని మనిషికి అది జబ్బు పరీక్షా, చదువు పరీక్షా?

లిథియం గురించి చదివినా అంతే. రక్తంలో 0.6 నుంచి 1.2 మధ్య ఉండాలని అందరం బట్టీ పడతాం. ఎండల్లో మిర్చి కోతకు పోయే మనిషికి చెమటతో నీళ్లు, ఉప్పు పోతే ఆ మోతాదు పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణకడం, విరేచనాలు, నడక తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలని మన గూడెంలో మన మాటలో ఎవరు చెప్పాలి?

ముందు వడ్డె దగ్గరికి పోయారని ఇంటోళ్లను తిట్టడం నాకిష్టం లేదు. పోనీ, మందు మాత్రం ఆపకుండా చూస్తే చాలు. మనిషిని గొలుసుతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఆ సంగతి కూడా మనమే చెప్పాలి.

అప్లై చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లకు నాలుగు మాటలు. బీఎస్సీలో 55 శాతం మార్కులు కావాలి, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం తప్పనిసరి. పనిచేసిన చోట అనుభవ పత్రం ముందే అడిగి పెట్టుకోండి. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి కేంద్ర సంస్థలకు కుల ధ్రువపత్రం కేంద్ర నమూనాలో తీయించుకోండి. రెండేళ్లు కుదరనోళ్లకు ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా కూడా ఉంది.

నాన్న ఇంకా ఒప్పుకోలేదు. నేను మాత్రం అప్లికేషన్ నింపుతున్నా. తమ్ముడి ఫీజుకి ఈ ఏడాది డబ్బు పక్కన పెట్టిన, వచ్చే ఏడాదిది చూడాలి. కలిసి చదువుకుందామనుకునేవాళ్లు కింద చెప్పండి, రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో కూర్చుందాం. మీలో ఎవరికైనా మనసు బాగోకపోతే టెలీమానస్ 14416కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కోయలోనూ మాట్లాడే రోజు రావాలంటే మనలోంచే ఎవరో ఒకరు ఈ చదువు చదవాలె.