చపాలా ఒడ్డున వానప్రస్థం

బుధవారం పొద్దున్నే సంత మొదలవుతుంది. గుండ్రాళ్లు పరిచిన వీధిలో బొప్పాయిలు, మామిడిపళ్లు, ముళ్లు తీసి పేర్చిన నాగజెముడు ఆకులు (అక్కడ అది కూరే!), వేయించిన చిరుచేపలు. అమ్మేవాళ్లు స్పానిష్‌లో కేకలేస్తుంటారు. కొనేవాళ్లలో సగంమంది తలలు నెరిసిన తెల్లవాళ్లు. ఒకాయన కెనడాలో టీచరుగా రిటైరై వచ్చి ఉంటాడు, ఇంకొకావిడ టెక్సాస్‌లో నర్సై ఉంటుంది. ఎవరికీ తొందర లేదు. ఆఫీసు లేదు, మంచు లేదు, పారతో వాకిట్లో మంచు ఎత్తిపోసే పని అసలే లేదు!

ఊరి పేరు అహిహీక్. స్పెల్లింగులో కనిపించేవి 'జ'లు, నోటికి వచ్చేవి 'హ'లు... స్పానిష్‌లో అంతే. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రంలో, ఆ దేశపు పెద్ద నగరాల్లో ఒకటైన గ్వాదలహారాకు దక్షిణాన, చపాలా సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉంది. విమానాశ్రయం నుంచి కారులో ముప్పావుగంట చాలు. జనాభా పదివేల పైచిలుకు. అమెరికా, కెనడాల్లో ఉద్యోగ విరమణ చేసి పరాయి దేశంలో స్థిరపడాలనుకునేవాళ్లు ముందుగా వాకబు చేసే ఊళ్లలో ఇదొకటి. పక్కనున్న చపాలా పట్టణం, చుట్టుపక్కల పల్లెలు కూడా ఇప్పుడు ఆ కోవలోకే వచ్చేశాయి.

ఇంతకీ అంతమందిని లాగుతున్నదేమిటి? మొదటి జవాబు, వాతావరణం. భూగోళం మీద భువనేశ్వర్ ఎంత ఉత్తరాన ఉందో ఈ ఊరూ ఇంచుమించు అంతే. అయినా ఇక్కడ రోహిణికార్తెకు రోళ్లు పగలవు. కారణం ఎత్తు. సముద్రమట్టానికి పదిహేను వందల మీటర్ల పైన, అంటే మన హార్స్‌లీ హిల్స్ కంటే కూడా ఎత్తులో ఉంది. దానికి తోడు ఎదురుగా పెద్ద నీటి పళ్లెం, వెనకాల కొండలు. ఏప్రిల్, మే నెలల్లో కాస్త ఉక్కపోసినా, డిసెంబరు రాత్రుల్లో స్వెట్టరు అవసరమైనా, చాలా ఇళ్లకు ఏసీ లేదు, హీటరూ లేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. అవీ ఎక్కువగా రాత్రిపూటే కురుస్తాయి. పొద్దున లేచేసరికి వీధి కడిగినట్టుంటుంది, బోగన్‌విలియా గోడల మీంచి కిందికి వేలాడుతుంటుంది.

అధ్యక్షుడు వచ్చిన దారిలో...

సరస్సు ఒడ్డు మీద మోజు ఇప్పటిది కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో మెక్సికో అధ్యక్షుడు పోర్ఫీరియో దియాస్ ఈస్టర్ సెలవులకు చపాలా వచ్చేవాడు. రాజు వెంట పరివారం నడిచినట్టు, గ్వాదలహారా ధనవంతులంతా ఒడ్డున విడిది ఇళ్లు కట్టించుకున్నారు. 1920లో రైలు కూడా వేశారు. ఆ ముచ్చట ఆరేళ్లే. 1926లో మూతపడింది, అందమైన స్టేషను భవనం మాత్రం మిగిలింది. ఇప్పుడది సాంస్కృతిక కేంద్రం. ఆంగ్ల రచయిత డి.హెచ్.లారెన్స్ 1923 వేసవిలో ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని 'ద ప్లూమ్డ్ సర్పెంట్' నవల మొదటి ప్రతి రాశాడు.

అయితే వాళ్లంతా వచ్చి వెళ్లినవాళ్లు. ఉండిపోయినవాళ్లలో ముందు చెప్పాల్సింది నీల్ జేమ్స్ పేరు. ఊళ్లు తిరిగి పుస్తకాలు రాసే ఈ అమెరికా మహిళ 1943లో ఇక్కడికి వచ్చింది. అప్పటికి అహిహీక్ ఓ జాలరి పల్లె. ఆమె పల్లె పిల్లల కోసం గ్రంథాలయం పెట్టింది, బొమ్మలు వేయడం నేర్పించింది, ఆడవాళ్లకు కుట్టుపనితో నాలుగు రాళ్లు సంపాదించే దారి చూపింది. ఆ బొమ్మల పాఠాల్లో కూర్చున్న పిల్లల్లో కొందరు పెద్దయ్యాక చిత్రకారులయ్యారు. ఇవాళ ఊళ్లో గోడ గోడకీ ఓ కుడ్యచిత్రం కనిపించడానికి ఓ కారణం అదే. చివరికి తన ఇల్లూ తోటా లేక్ చపాలా సొసైటీకి ఇచ్చేసి 1994లో కన్నుమూసింది. 1955లో మొదలైన ఈ సొసైటీ విదేశీ పెద్దలకు ఊరి రచ్చబండ లాంటిది. అక్కడ పుస్తకాలు దొరుకుతాయి, స్పానిష్ పాఠాలు చెబుతారు, ఎవరికి ఏ డాక్టరు మంచిదో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. నీల్ జేమ్స్ రావడానికి సరిగ్గా ఏడాది ముందు, 1942లో, అమెరికా ప్రభుత్వం మెక్సికోతో ఒప్పందం చేసుకుంది. యుద్ధకాలంలో పొలాల్లో పనికి మనుషులు కావాలి. 'బ్రాసెరో' అన్న ఆ పథకం 1964 దాకా నడిచింది. హలిస్కో నుంచి కుర్రాళ్లు వేలకువేలుగా ఉత్తరానికి రైలెక్కారు. పథకం ఆగినా ప్రయాణాలు ఆగలేదు. అలా ఎనభై ఏళ్లుగా ఒడ్డున పుట్టిన కుర్రాళ్లు పని కోసం ఉత్తరానికి, ఉత్తరాన పని ముగించిన ముసలివాళ్లు విశ్రాంతి కోసం ఈ ఒడ్డుకు వస్తున్నారు. ఒకరి జవసత్వాలు అటు, ఇంకొకరి పింఛను ఇటు! రెండో ప్రయాణానికి విమానం టికెట్టు చాలు. మొదటిదానికి ఎడారులూ కంచెలూ అడ్డం.

పింఛను లెక్కలు

రెండో జవాబు, డబ్బు. అమెరికా ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను మెక్సికోలో ఉన్నా అందుతుంది. సొంతూళ్లో బొటాబొటీగా సరిపోయే సొమ్ముతో ఇక్కడ వంటమనిషినీ, తోటమాలినీ పెట్టుకోవచ్చన్నది ఒకప్పటి ఆశ. ఆ ఆశ పూర్తిగా పోలేదు గానీ, పలచబడింది. 2020 వసంతంలో డాలరుకు పాతిక పెసోల దాకా వచ్చేవి. 2023 మధ్యకొచ్చేసరికి పదిహేడుకు పడిపోయాయి. జీతం పెరగని వయసులో ఇది చిన్న దెబ్బ కాదు. నివాస అనుమతి కోసం దౌత్య కార్యాలయంలో చూపించాల్సిన ఆదాయం మొత్తమూ ఏటేటా పెరుగుతూనే ఉంది.

అసలు చిక్కు మాత్రం ఆసుపత్రి దగ్గర వస్తుంది. అమెరికా వృద్ధులకు ఆసరాగా ఉండే మెడికేర్ బీమా సరిహద్దు దాటితే సాధారణంగా పనిచేయదు. చిన్న జబ్బులకు బెంగలేదు. డాక్టర్లు మంచివాళ్లు, ఫీజులు తక్కువ, ఇంటికొచ్చి చూసేవాళ్లూ ఉన్నారు. గుండె, తుంటి ఎముకల దాకా వస్తే గ్వాదలహారా ప్రైవేటు ఆసుపత్రికి సొంత డబ్బు కట్టాలి. లేదా విమానమెక్కి వెనక్కి వెళ్లాలి. భాష సంగతీ అంతే. సంతలో, హోటల్లో ఇంగ్లిషుతో ఇరవై ఏళ్లు నెట్టుకురావచ్చు. అర్ధరాత్రి అంబులెన్సుకు ఫోన్ చేయాల్సి వచ్చిన రోజున, నేర్చుకోని స్పానిష్ గుర్తుకొస్తుంది.

దంపతులుగా వచ్చినవాళ్లలో ఒకరు పోయాక రెండోవారి పరిస్థితి ఏమిటి? కొందరు ఇల్లమ్మి పిల్లల దగ్గరికి వెళ్లిపోతారు. కొందరికి ఆ పిల్లలు ఉండే నగరమే పరాయిదైపోయి ఉంటుంది. పదేళ్లుగా ఇంట్లో వండిపెట్టిన మెక్సికన్ ఆవిడే చివరికి కూతురి వరస అవుతుంది. మనదగ్గర ఉద్యోగం కాగానే 'ఊళ్లో ఓ ఇల్లు వేసుకుని ఉండిపోదాం' అనుకునేవాళ్లు కొల్లలు. ఆ ఊళ్లో పలకరించేవాళ్లు ఉంటారన్నది వాళ్ల ధీమా. అహిహీక్‌కు వచ్చేవాళ్లు ఆ పలకరింపును డెబ్బై ఏళ్ల వయసులో కొత్తగా సంపాదించుకోవాలి. సొసైటీ తోటలో కాఫీ కప్పుల చుట్టూ జరిగేది అదే. దాన్ని కాలక్షేపం అని తీసిపారేయలేం.

మరి ఊరివాళ్ల మాటేమిటి? ఉపాధి దొరికింది, అది నిజం. కానీ ఇళ్ల ధరలు డాలర్లలో పలుకుతున్నాయి. తాతలనాటి పెంకుటిల్లు అమ్మిన కుటుంబం మళ్లీ ఆ వీధిలో కొనలేదు. 2020లో ప్రభుత్వం అహిహీక్‌ను 'పుయెబ్లో మాహికో', అంటే మాయా గ్రామంగా ప్రకటించాక వారాంతాల్లో నగరం నుంచి కార్లు బారులు తీరుతున్నాయి. ఉన్నది ఒక్క ప్రధాన రహదారి. ప్రశాంతత కోసం వచ్చినవాళ్లే ఇప్పుడు ట్రాఫిక్ గురించి విసుక్కుంటున్నారు. ఆ రద్దీలో తమ వాటా ఎంతో లెక్కేసుకునేవాళ్లు తక్కువ!

లోతు లేని పెద్ద చెరువు

ఇన్ని కబుర్లకూ మూలం ఆ నీళ్లు. మెక్సికోలో అతిపెద్ద మంచినీటి సరస్సు చపాలా. పొడవు ఎనభై కిలోమీటర్ల దాకా, విస్తీర్ణం సుమారు పదకొండు వందల చదరపు కిలోమీటర్లు. మన చిలికా అంత అనుకోవచ్చు. లోతు చూస్తే మాత్రం సగటున ఐదు మీటర్లు కూడా ఉండదు. ఇంత వెడల్పు పళ్లెంలో అంత పలచటి నీళ్లు పోసి ఎండలో పెడితే ఏమవుతుంది? ఏటా మీటరుకు పైగా ఆవిరవుతుంది. నీళ్లు తెచ్చేది లేర్మా నది. అది ఏడొందల కిలోమీటర్లు నడిచొచ్చేలోగా దారిలో ఆనకట్టలు, పొలాలు, కర్మాగారాలు తమ వంతు తీసుకుంటాయి. మిగిలినదాంట్లోంచి గ్వాదలహారా తాగాలి. ఆ మహానగరం వాడే నీటిలో సగానికి పైగా ఇక్కడిదే.

1955లో సరస్సు అడుగంటింది. 2001, 2002ల్లో మళ్లీ అంతపనీ అయింది. ఒడ్డు ఎక్కడికో వెనక్కి జరిగిపోయింది, నీళ్లుండాల్సిన చోట గడ్డి మొలిచింది, పశువులు మేశాయి. సరస్సు కనిపిస్తుందని కొనుక్కున్న ఇళ్లకు ఎదురుగా పచ్చిక బయలు మిగిలింది. జాలర్లకు అదీ లేదు. 2003 నుంచి మంచి వానలు పడి కోలుకుంది. 2024 వేసవిలో మళ్లీ సగానికి బాగా దిగువకు పోయి, వానలతో తేరుకుంది.

నీళ్లున్నప్పుడు ఇంకో బెడద, గుర్రపుడెక్క. కొల్లేరు వాసులకు పరిచయం చేయక్కర్లేని మొక్క. గాలి ఎటు వీస్తే అటు పచ్చటి తివాచీలా వచ్చి రేవుల్ని కప్పేస్తుంది. పడవలు కదలవు. జాలర్లు దాన్ని తిట్టుకుంటూనే, దాని సందుల్లోంచి మన మెత్తళ్లను తలపించే 'చరాల్' చేపలు పట్టి తెస్తారు. కరకరలాడేలా వేయించి, నిమ్మరసం, కారం చల్లి తింటే మధ్యాహ్నం భోజనం ఆలస్యమైనా ఫర్వాలేదు.

చలికాలంలో సరస్సు తూర్పు కొసన, పెతతాన్ దగ్గర, తెల్ల పెలికాన్లు వేలల్లో దిగుతాయి. కెనడా, ఉత్తర అమెరికాల నుంచి వస్తాయవి. చలికి మాత్రమే వచ్చి వసంతంలో తిరిగి వెళ్లిపోయే కెనడా పెద్దల్నీ 'మంచుపక్షులు' అనే పిలుస్తారు. పెలికాన్లకు వీసా, బీమా అక్కర్లేదు. జాలర్లు విసిరే చేపముక్కలు చాలు.

ఈ ఒడ్డున ఇంకో పక్షి పేరూ వినిపిస్తుంది, 'వానపక్షి'. మండు వేసవిలో చెట్లెక్కి గీపెడుతుంది. నిజానికది పక్షి కాదు, కీచురాయి లాంటి పురుగు. అది కూత మొదలుపెట్టిన ఆరు వారాలకు వాన పడుతుందని ఊరివాళ్ల నమ్మకం. కొత్తగా వచ్చిన విదేశీయులూ ఇప్పుడు కేలెండరు ముందు నిలబడి వారాలు లెక్కపెడుతున్నారు. జూన్ నెలలో ఓ రాత్రి పెంకుల మీద టపటపమని చప్పుడవగానే దీపాలు వెలుగుతాయి. వరండాల్లోకి అందరూ వచ్చి నిలబడతారు.