యాభై గజాల జింకకు ఏ తూటా?

కుర్చీ ఇటు లాక్కోండి, మంట బాగా రాజుకుంది. జింక వేట కబురు చెబుతాను. ఉలిక్కిపడకండి! మన దేశంలో 1972 వన్యప్రాణుల చట్టం వచ్చాక అది జైలుకు దారి. నేను చెప్పేది అమెరికాలోని ఒహాయో సంగతి. అక్కడ లైసెన్సు, పర్మిటు తీసుకుని, థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం నుంచి వారం రోజులు జనం నారింజరంగు కోట్లు తొడుక్కుని చెట్లలోకి వెళ్తారు.

వేట అనగానే పెద్ద రైఫిలు, దూరాన గురి గుర్తొస్తాయి కదూ? చెట్లు అడ్డుండగా అంత దూరం కనబడితేగా! యాభై గజాల్లో కనబడిందా, అదృష్టమే.

అలాంటి చోటికి పాతకాపు .30-30 తూటా. వించెస్టర్ 1894 మోడల్ రైఫిల్ కోసం 1895లో అమ్మకానికొచ్చింది. ఆ తుపాకీ పొట్టిది, తేలిక, చటుక్కున భుజానికెక్కుతుంది. తూటాలు నాళం కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాడి మొన ముందుదాని వీపున పొడిస్తే అక్కడే పేలొచ్చు. అందుకే మొద్దు మూతి గుండ్లు పెట్టేవాళ్లు. ఇప్పుడు మెత్తని మొనవీ వచ్చాయిలెండి.

తీరా చూస్తే జింకల మీదికి ఒహాయోలో ఈ .30-30 పనికిరాదు! తూటా తొడుగు సీసాలా మెడ దగ్గర సన్నబడుతుంది. రైఫిలైతే నిటారు తొడుగు తూటాలే వాడాలి. ఆ అనుమతీ 2014లోనే వచ్చింది. .450 బుష్‌మాస్టర్, 2019లో వచ్చిన .350 లెజెండ్ ఆ కోవలోవి. పక్కనున్న పెన్సిల్వేనియాలో మాత్రం .30-30 దర్జాగా తిరుగుతుంది.

రైఫిలొద్దు, షాట్‌గన్ చాలంటారా? భేషుగ్గా! 20 గేజ్‌లో స్లగ్, అంటే ఒకే పెద్ద గుండు, వేస్తే సరి. నాళం లోపల నున్నగా ఉంటే గాడులున్న స్లగ్, నాళానికే గాడులుంటే ప్లాస్టిక్ తొడుగులో ఉండే సాబో స్లగ్. తారుమారైతే గురి గోవిందా.

ఇక గుండు. నిండా రాగి తొడిగినది సూదిలా దూరిపోతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. సాఫ్ట్‌పాయింట్ లోపల పువ్వులా విచ్చుకుంటుంది. బరువు గుండు పొదల్ని చీల్చుకుపోతుందనే మాట మాత్రం నమ్మకండి. ఒక పుల్ల తగిలినా దారి తప్పొచ్చు.

గురి పెట్టాల్సింది ముందుకాలి వెనక, గుండె ఊపిరితిత్తులుండే జానెడు చోటు. మీ తుపాకీ అక్కడ కొట్టగలదా అన్నది కొట్లో తేలదు. ముందే నాలుగు పెట్టెల తూటాలు కాగితం మీద ఖర్చుపెట్టి చూసుకోవాలి. ఆ జానెడు కనబడలేదా? తుపాకీ దింపేసి ఇంటికొచ్చెయ్యండి. ఇదిగో, మంట ఆరకుండా నేనుంటాను.