ఒక ముద్ద చింతపండు

మర్రిగూడలో మా వద్ద చదువుకున్న శిష్యుడొకడు ఇప్పుడు హైదరాబాదులో ఒక హోటలు వంటశాలలో పనిచేస్తున్నాడు. మొన్న సెలవుకు వచ్చి, ఇటుకంత మందమైన పుస్తకాన్ని మా ముందుంచి, "హజ్రత్! ఇందులో షరాబ్ ఉంది, పందిమాంసం ఉంది. చదవవచ్చునా?" అని అడిగాడు. అది ఫ్రెంచి పాకశాస్త్రజ్ఞుడు ఎస్కాఫియే 1903లో వెలువరించిన గ్రంథానికి ఆంగ్లానువాదం. ఇంచుమించు 5,000 వంటకాలున్నాయి.

"చదవడం వేరు, తినడం వేరు. హరామును విడిచిపెట్టు, విద్యను తీసుకో" అన్నాము.

ఇషా వరకు అతడు చదివి వివరించగా విన్నాము. ఆ రచయిత మొదట కొన్ని మూల సాసులను నేర్పుతాడు. వాటినుండి పుట్టే సాసులెన్నింటినో కొద్ది పంక్తులలోనే ముగిస్తాడు. అరబీ సర్ఫ్‌లో మూడక్షరాల ధాతువునుండి పదాలు పుట్టినట్లే! ఇటువంటి గ్రంథాలను లోకం ఎందుకు ప్రేమిస్తుందో అప్పుడు తెలిసింది.

ఇది యూరపువారి సొత్తు మాత్రమే కాదు. హిజ్రీ 623లో, అనగా క్రీ.శ. 1226లో, ముహమ్మద్ బిన్ హసన్ అల్ బగ్దాదీ 'కితాబుత్ తబీఖ్' రచించారు. 32 ఏండ్ల తరువాత మంగోలులు బగ్దాదును నేలమట్టం చేశారు. ఆ వంటిండ్లు పోయాయి, పుటలు మిగిలాయి. 1934లో మోసుల్‌లో అచ్చయ్యాయి.

మాకు అమ్మీ గుర్తుకు వచ్చారు. వారి దాల్చాలో పడే శనగపప్పు, సొరకాయ, మాంసం, చింతపండు అందరికీ తెలిసినవే. ఎంత, ఎప్పుడు అన్నది మాత్రం వారి చేతికే తెలుసు. హదీసులను పెద్దలు ఎంత జాగ్రత్తగా వ్రాసి భద్రపరచారో ఏటా పాఠం చెప్పే మేము, ఒక్కనాడైనా కాగితం పట్టుకొని అమ్మీ ప్రక్కన కూర్చోలేదు. వారు అల్లాహ్ సన్నిధికి చేరి ఏడేండ్లయింది. ప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంకపెట్టలేదు. మేమూ మా శ్రీమతి దాల్చాకు వంకపెట్టము. అయినా ఆ రుచి మరి రాలేదు.

అమ్మీ చెల్లెలు, మా ఖాలా, ఇంకా ఉన్నారు. మరునాడే మా కుమార్తెకు నోటుపుస్తకమిచ్చి పంపాము. "చింతపండు ఎంత, నానీ?" అని అడిగితే, "చెయ్యి చెబుతుంది, బేటీ" అన్నారట. అమ్మాయి ఆమె చేతిలోని ముద్దను తీసుకొని, త్రాసులో పెట్టి, తూకం వ్రాసుకున్నది.

మీ ఇంట అటువంటి చేతులున్నాయా? ఈ జుమా దాటనీయకండి.